తోలు కప్పిన కంప్యూటర్

పిట్టలగుట్ట గొర్రెల పెంపకందారుల సహకార సంఘం కార్యాలయానికి కొత్త కంప్యూటర్ విచ్చేసిన సంగతి ఇందుమూలంగా అందరికీ తెలియజేయడమైనది. కొత్తకోట నుంచి ట్రాలీ ఆటోలో, ఒక పక్క దాణా బస్తా, ఇంకో పక్క సంఘం చైర్మన్ ఎల్లస్వామి ఆనుకుని కూర్చోగా, డబ్బా ఎక్కడా అదరకుండా ఊరు చేరింది. డోలు కొట్టారు. ఆడవాళ్ళు బిందెలతో ఎదురొచ్చి నీళ్ళు వారబోశారు. కొబ్బరికాయ డబ్బా మీద కొట్టాలా, డబ్బా ముందర కొట్టాలా అని కొంత చర్చ జరిగి, చివరకు ముందర కొట్టారు. అద్దానికి పసుపు కుంకుమ పెట్టారు. ఆ బొట్టు ఇప్పటికీ ఉంది. కింద మూలన వచ్చే అక్షరాలు దాని వెనుకనే ఉంటాయి. వాటి అవసరం ఇంతవరకు ఎవరికీ పడలేదు.

పాతది చెడిపోయి కొత్తది వచ్చిందని ఎవరూ అనుకోవద్దు. పాత కంప్యూటర్ బాగానే ఉండేది. పొద్దున మీట నొక్కి, పోయి చాయ్ తాగి వచ్చేసరికి నిద్ర లేచేది. అయితే దాని లోపల ఉండే సిస్టంకు వయసు మీరిందని, ఇక మీదట దానికి ఏ రోగం వచ్చినా తమకు సంబంధం లేదని దాన్ని తయారు చేసినవాళ్ళే చెప్పేశారట. ఆ మేరకు పై ఆఫీసు నుంచి కబురు వచ్చింది. కన్నవాళ్ళే కాదన్నాక మనం ఉంచుకోవడం మర్యాద కాదని సంఘం భావించింది. కొత్తదాన్ని తెచ్చిన ఆటోలోనే పాతదాన్ని సాగనంపారు. పోయేటప్పుడు దాని మీద గుడ్డ కప్పారు. ఒకరిద్దరు ముసలమ్మలు కళ్ళు తుడుచుకున్నారు గాని, అది ఎవరి కోసమో వాళ్ళకు కూడా తెలియదు.

ఎల్లస్వామి కుర్చీ ఎక్కి మాట్లాడాడు. ఆయన తన గొర్రెలన్నీ అమ్మేసి చాలా ఏళ్ళయింది. అందువల్ల గొర్రెల గురించి నిష్పక్షపాతంగా ఆలోచించే వీలు ఊళ్ళో ఆయన ఒక్కడికే ఉంది. చైర్మన్ కావడానికి కారణం కూడా అదే.

"అక్కలారా, అన్నలారా! రాష్ట్రం కొత్తదొచ్చింది. జిల్లా కొత్తదొచ్చింది. ఇయ్యాల సిస్టం గూడ కొత్తదొచ్చింది. ఇగ మన గొర్లకు తిరుగు లేదు. ఒక్క మీట ఒత్తితె పిట్టలగుట్ట గొర్రె ఢిల్లీల కనవడ్తది. ఢిల్లీ గొర్రె పిట్టలగుట్టల కనవడ్తది. ఒకదాన్నొకటి సూస్కుంట మేస్తయి!"

చప్పట్లు మోగాయి. ఆ చప్పట్ల మధ్య గుర్వమ్మ గొంతు వినపడింది.

"కనవడ్తె కనవడనియ్యి గని, సూదిమందు ఎప్పుడొస్తది బిడ్డా?"

సభా మర్యాద తెలియని ప్రశ్న కాబట్టి చప్పట్లు ఇంకొంచెం గట్టిగా కొట్టారు.

గుర్వమ్మ గురించి రెండు మాటలు చెప్పాలి. మొగుడు పోయాక మందను తనే తోలుకుంటున్నది. భూమి లేదు, బోరు లేదు, ఉన్నదల్లా ఆ మందే. పోయిన తొలకరికి చిటుక రోగం వచ్చి దానిలో సగం తుడిచిపెట్టుకుపోయింది. ఆ రోగం తెలియనివాళ్ళ కోసం: మొదటి వానకు మొలిచిన లేత గడ్డిని గొర్రె ఆశగా మేస్తుంది. మేసిన చోటే గిలగిల కొట్టుకుని పోతుంది. చిటిక వేసినంత సేపే పడుతుంది కాబట్టి ఆ పేరు. వానలకు ముందే సూదిమందు వేస్తే ఆ రోగం దగ్గరికి రాదు. వేయకపోతే ఈసారి మిగిలిన సగం కూడా పోతుంది.

సూదిమందు రావడానికి పద్ధతి ఉంది. ఊళ్ళోని ప్రతి గొర్రె చెవికి నంబరు వేసిన బిళ్ళ ఉంటుంది. ఆ నంబర్లన్నీ కంప్యూటర్లో 'గొర్రెల లెక్క' అనే ప్రోగ్రాంలో ఉంటాయి. ఏటా ఎండాకాలంలో ఆ లెక్క పైకి పంపాలి. పైకి ఎంత లెక్క పోతే కిందికి అంత మందు వస్తుంది. గొర్రె దొడ్డిలో ఉంటే చాలదు, లెక్కలో ఉండాలి. దొడ్డిలో లేకున్నా లెక్కలో ఉంటే సరిపోతుంది.

ఈ లెక్క పంపే బాధ్యత సంఘం సెక్రటరీ పరమేష్‌ది. పరమేష్ చదువుకున్నవాడు, నెమ్మదస్తుడు. నిజం గొర్రెను తాకిన సందర్భం ఆయన జీవితంలో లేదు. కానీ గొర్రెల కాపలాలో ఆయనంత అనుభవం ఉన్నవాడు జిల్లాలోనే లేడు. ఎందుకంటే పాత కంప్యూటర్లో 'తోడేలు ఆట' ఉండేది. అద్దంలో పచ్చటి బీడు, అందులో గొర్రెలు, ఒక కుక్క. కుక్కను అటూ ఇటూ ఉరికిస్తూ, తోడేలు రాకముందే గొర్రెలను దొడ్డిలోకి తోలాలి. ఉద్యోగంలో చేరిన నాటి నుంచి పరమేష్ దినమంతా ఇదే పనిగా కష్టపడి చాలా పై మెట్టుకు చేరుకున్నాడు. ఆయన చేతి కింద ఒక్క గొర్రె కూడా తోడేలు పాలు కాలేదు. సంఘం సభ్యులు తమ గొర్రెలను ఆకలితో దొడ్లో ఉంచి వచ్చి, ఆఫీసు కిటికీలోంచి ఆ గొర్రెలు మేయడాన్ని చూసేవారు. "ఎడమకు ఉరికియ్యి, ఎడమకు!" అని సలహాలు ఇచ్చేవారు. ఆటలో గొర్రె అరిచినప్పుడల్లా ఊళ్ళో దొడ్ల నుంచి జవాబు వచ్చేది.

కొత్త కంప్యూటర్ పెట్టిన మర్నాడు పరమేష్ స్నానం చేసి వచ్చి పాతదాంట్లోంచి దీంట్లోకి మార్చిన 'గొర్రెల లెక్క'ను మొదట నొక్కాడు. అద్దం మీద ఒక మాట వచ్చింది: "ఈ ప్రోగ్రాం ఈ సిస్టం మీద నడవదు. దయచేసి దీనిని తయారు చేసినవారిని సంప్రదించండి."

"నడ్వదంట" అన్నాడు పరమేష్. కిటికీ దగ్గర ఉన్న మేము తల ఊపాము. కొత్తది కదా, నాలుగు రోజులు అలవాటు పడాలి.

తరువాత 'తోడేలు ఆట' నొక్కాడు. అదే మాట వచ్చింది.

పరమేష్ కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. కిటికీ దగ్గర ఎవరో దగ్గారు. కొంతసేపటికి ఎల్లస్వామి వచ్చి ఆయన భుజం మీద చెయ్యి వేసి, "ధైర్యం జెయ్యాలె. మేమందరం లేమా?" అన్నాడు. ఆ పూటకు ఆఫీసు బంద్ పెట్టారు. ఎవరో కల్లు తెచ్చారు. ఇన్నేళ్ళు కాపాడిన గొర్రెలు ఆ డబ్బాలో ఏమయ్యాయో, తోడేలు ఏం చేసిందో అని పరమేష్ రెండు ముంతలు తాగేదాకా బెంగపడ్డాడు.

గుర్వమ్మ మరునాడు వచ్చింది.

"పరమేషూ, లెక్క పంపినవా బిడ్డా?"

"ఏడ పంపాలె పెద్దమ్మా. ఆటనే నడుస్తలేదు."

"ఆటకూ సూదిమందుకూ ఏం సంబంధం రా?"

"రెంటికీ ఒకటే రోగం. కొత్త సిస్టంకు పాత ప్రోగ్రాంలు పడ్తలేవు. దగ్గరికి రానిస్తలేదు."

"దగ్గరికి రానిస్తలేదా? తన్నుతున్నదా?"

"గట్లనే అనుకో."

"పిల్లను తన్నే గొర్రెను సూడలేదా మనం? ఉపాయం జెయ్యరాదు మరి. మబ్బులు వడ్తున్నయి" అని గుర్వమ్మ ఆకాశం వంక చూసి వెళ్ళిపోయింది. ఆకాశం సంగతి సంఘం పరిధిలోకి రాదు.

అత్యవసర సమావేశం జరిగింది. ఆట నిలిచిపోవడం వలన కార్యాలయ విధులకు కలిగిన తీవ్ర అంతరాయాన్ని దృష్టిలో పెట్టుకొని, షాద్‌నగర్ నుంచి మెకానిక్‌ను వెంటనే పిలిపించాలని తీర్మానించారు. గుర్వమ్మ పట్టుబట్టడంతో "వీలైతే గొర్రెల లెక్కను కూడా చూడవలెను" అని చివరన కలిపారు.

మెకానిక్ పేరు గిరి. బండి మీద, వీపుకు సంచి తగిలించుకుని, జాతీయ రహదారి దుమ్మంతా మొహం మీద వేసుకుని వచ్చాడు. నీళ్ళు తాగి, కంప్యూటర్ ముందర కూర్చుని, బొట్టు చూసి, వేలితో తుడవబోయి మానుకున్నాడు. ఊరంతా గదిలో పట్టినంత గదిలో, మిగిలినంత కిటికీ దగ్గర నిలబడ్డది.

"కొత్త సిస్టం మంచిదే" అన్నాడు గిరి. "గని పాత ప్రోగ్రాంను సూసి ఇది నాది గాదంటున్నది. దీనికొక మతలబు ఉన్నది. గీడ ఒక గడి ఉంటది. గీ గడిల టిక్కు వెడ్తె, కొత్తది జర పాతదాని లెక్క ఏషమేస్తది. ప్రోగ్రాంకు పాత ఇంట్ల ఉన్నట్టే అనిపిస్తది. నడుస్తది."

గుర్వమ్మ ముందుకు వచ్చింది.

"అంటే తోలు కప్పుడా?"

"ఏం తోలు అవ్వా?"

గిరి పట్నం దగ్గర పిల్లవాడు గనుక ఆయనకు తెలియదు. మీలో కూడా తెలియనివాళ్ళు ఉండవచ్చు. ఒక గొర్రె పిల్ల చచ్చిపోతుంది. ఇంకో పిల్లకు తల్లి చచ్చిపోతుంది. పాలున్న తల్లి దగ్గరికి ఆ తల్లిలేని పిల్లను పంపితే, వాసన చూసి, తనది కాదని తన్నేస్తుంది. అప్పుడు చచ్చిన పిల్ల తోలు తీసి, బతికిన పిల్ల వీపు మీద కప్పి కడతాము. తల్లి మళ్ళీ వాసన చూస్తుంది. తన పిల్లే అనుకుని పాలిస్తుంది. అనుకుంటుందా, అనుకున్నట్టు ఉంటుందా అన్నది గొర్రెకే తెలుసు. పిల్ల మాత్రం బతుకుతుంది.

ఇదంతా గిరికి వివరించి చెప్పారు. అయితే ఇక్కడ తల్లి ఎవరు, పిల్ల ఎవరు, తోలు ఎవరి మీద కప్పుతున్నారు అన్న దాని మీద పెద్ద వాదన జరిగింది. గిరి రెండుసార్లు సరిచేయబోయి, చివరకు "ఎట్లనన్న అనుకోండ్రి" అని టిక్కు పెట్టాడు.

తోడేలు ఆట నడిచింది.

గొర్రెలన్నీ క్షేమంగా ఉన్నాయి. ఒక్కటీ తగ్గలేదు. పరమేష్ కుక్కను ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు ఉరికించి చూసి, గిరి చెయ్యి పట్టుకుని కళ్ళకు అద్దుకున్నాడు. కిటికీ దగ్గర ఈలలు వేశారు. దొడ్లలోంచి గొర్రెలు కూడా అరిచాయి. అవి ఆకలితో అరిచాయని గుర్వమ్మ అన్నది గాని, ఆమెది మొదటి నుంచీ అనుమానపు స్వభావం.

గిరి 'గొర్రెల లెక్క'కు కూడా తోలు కప్పాడు. అదీ తెరుచుకుంది. పిట్టలగుట్టలోని గొర్రెలన్నీ, చెవి నంబర్లతో సహా, అద్దం మీద వరుసగా నిలబడ్డాయి. గుర్వమ్మ దగ్గరికి వచ్చి, తన గొర్రెలు ఏ వరుసలో ఉన్నాయో అడిగి, ఆ వరుస మీద వేలు పెట్టి మెల్లగా కిందికి జరిపింది. అద్దం మీద వేలిముద్ర పడింది. పరమేష్ గుడ్డతో తుడిచేశాడు.

"ఇప్పుడే పంపరాదు బిడ్డా" అన్నది.

"రేపు పంపుత పెద్దమ్మా. ఇయ్యాల ఆట తిరిగొచ్చిన దినం."

న్యాయమైన మాట. మర్నాడు కరెంటు లేదు. ఆ మర్నాడు పరమేష్ ఆటలో ఒక కష్టమైన మెట్టు మీద ఉన్నాడు. ఆ తరువాత ఆదివారం. ఇట్లా కొన్ని రోజులు గడిచేసరికి, మా ఊళ్ళోనే పెద్ద మంద ఉన్న బీరన్నకు అనుమానం వచ్చింది. ఆయన నేరుగా ఆఫీసుకు వచ్చి అడిగాడు.

"అవునుగని పరమేషూ, కప్పిన తోలు ఎప్పుడు తీస్తవు?"

పరమేష్ కుక్కను ఆపి తల ఎత్తాడు.

"తియ్యాలె గద" అన్నాడు బీరన్న. "తల్లికి అలవాటైనంక తోలు తియ్యాలె. తియ్యకుంటె కుళ్ళిపోతది, పురుగులు వడ్తయి, పిల్ల గూడ సస్తది. గీ సంగతి ఎరుక లేదా నీకు?"

గదిలో ఉన్నవాళ్ళందరం ఉలిక్కిపడ్డాము. ఇంత ముఖ్యమైన విషయం ఎవరికీ తట్టలేదు. ఒకరు కంప్యూటర్ దగ్గరికి వంగి చూసి, ఇప్పటికే కొంచెం వాసన వస్తున్నదని చెప్పారు. వెంటనే సర్వసభ్య సమావేశం పిలిచారు. ఎల్లస్వామి అధ్యక్షత వహించాడు.

"మన తాతముత్తాతల కాడికెల్లి వస్తున్న పద్ధతి ఇది" అన్నాడు ఎల్లస్వామి. "కొత్త సిస్టం వచ్చిందని పద్ధతి తప్పుదమా? కంప్యూటర్ అయితేంది, గొర్రె అయితేంది, టైముకు తోలు తియ్యాలె. ఇది సంఘం గౌరవం!"

గుర్వమ్మ ఒక్కతే అడ్డం పడింది. "ఆగుండ్రయ్యా. తల్లి నాకిందా? పిల్లను నాకితేనే తోలు తియ్యాలె. నాకకముందు తీస్తె మళ్ళ తంతది."

ఇది ఆలోచించవలసిన అభ్యంతరమే. కంప్యూటర్‌కు నాలుక లేదు కాబట్టి నాకడం ఎట్లా రుజువు చేయాలని చర్చించారు. ఒత్తంగనే తెరుచుకుంటున్నది కాబట్టి దగ్గరికి రానిచ్చినట్టే లెక్క అని పరమేష్ వివరణ ఇచ్చాడు. వివరణను సభ ఆమోదించింది. అందరం చేతులెత్తాము. గుర్వమ్మ ఎత్తలేదు. ఏకగ్రీవం అని రాసుకున్నారు.

పరమేష్ చదువుకున్నవాడు అని ముందే చెప్పాను. 'తోడేలు ఆట' దగ్గరికి వచ్చేసరికి, "దీనికి ఇంక పాలు అలవాటు గాలే, జర ఆగుదం" అన్నాడు. దాని తోలు దానికే ఉంచాడు. 'గొర్రెల లెక్క'కు మాత్రం తోలు తీశాడు. అంతటితో ఆగితే గిరి మళ్ళీ వచ్చి టిక్కు పెట్టి ఉండేవాడు. కానీ తీసిన తోలును ఎవరూ ఇంట్లో ఉంచుకోరు, ఊరవతల పారేయడం ఆనవాయితీ. కంప్యూటర్లో చెత్తబుట్ట బొమ్మ ఉంది. పరమేష్ తోలును అందులో వేయబోతే తోలుతో పాటు పిల్ల, అంటే 'గొర్రెల లెక్క' మొత్తం కూడా పోయింది. "శాశ్వతంగా తీసివేయమంటారా?" అని కంప్యూటర్ మర్యాదగా అడిగింది. ఎల్లస్వామి అందరి తరఫున "తీసెయ్యి" అన్నాడు.

ఆ విధంగా పిట్టలగుట్టలో ఒక్క గొర్రె కూడా లేకుండా పోయింది.

పై ఆఫీసులో ఎవరూ తప్పు చేయలేదు. వాళ్ళు గడువు నాడు చూశారు. పిట్టలగుట్ట పేరు ఎదురుగా సున్నా ఉంది. సున్నా గొర్రెలకు సున్నా మందు పంపారు. పంపినట్టు మాకు తెలియజేశారు కూడా. ఎల్లస్వామి "పెద్ద మనసున్నోళ్ళు, మరిచిపోలే" అన్నాడు.

గుర్వమ్మ ఆఫీసు గుమ్మం దగ్గర కూర్చుంది. తిట్టలేదు. కొంగు నోట్లో పెట్టుకుని గుట్ట వైపు చూస్తూ ఉంది. గుట్ట మీద మబ్బు దిగుతున్నది. "నా గొర్లు ఈడనే ఉన్నయి గద రా" అని ఒక్కసారి అన్నది. లోపల పరమేష్ తోడేలును తరుముతున్నాడు. గుర్వమ్మ లేచి, కర్ర తీసుకుని, మందను విప్పి చింతగట్టు తొవ్వ పట్టింది.

చింతగట్టు పక్క ఊరు. అక్కడి సంఘం సెక్రటరీ బుచ్చయ్య. ఆ ఊరికి కొత్త కంప్యూటర్ మంజూరై చాలా కాలమైంది, ఇంకా దారిలోనే ఉంది. అందువల్ల పాత కంప్యూటర్‌తో, పాత సిస్టంతో ఆ ఊరు వెనుకబడి ఉంది. వెనుకబడినందుకు వాళ్ళ 'గొర్రెల లెక్క' ఏ తోలూ లేకుండా నడుస్తున్నది. పైగా చింతగట్టు లెక్కలో ఏ గొర్రె కూడా చావదు. చచ్చినట్టు ఎక్కించాలంటే డాక్టరు కోసి చూసి కాగితం ఇవ్వాలి. డాక్టరు వచ్చేసరికి కుక్కలు ఆ పని ముగిస్తాయి. కాబట్టి ఆ ఊళ్ళో చనిపోయిన గొర్రెలన్నీ లెక్కలో చిరకాలంగా మేస్తూనే ఉన్నాయి. ఏటా వాటికి కూడా సూదిమందు వస్తుంది.

గుర్వమ్మ సంగతంతా చెప్పింది. బుచ్చయ్య తల గోక్కున్నాడు.

"గిట్ల జేద్దం అక్కా" అన్నాడు. "నా తాన సచ్చిన గొర్లకు మందున్నది. నీ తాన మందు లేని గొర్లు ఉన్నయి. ఇగో, సచ్చినవాటి బిళ్ళలు." తలుపు వెనుక తీగకు దండలా గుచ్చిన చెవి బిళ్ళలు చూపించాడు. "నీ గొర్ల మెడలకు కట్టు. సూదేసేటాయన నంబరు సూస్తడు, మూతి సూడడు."

"అంటే తోలు కప్పుడే" అన్నది గుర్వమ్మ.

"తోలు లేదు అక్కా, బిళ్ళనే."

"ఒకటే బుచ్చయ్యా."

గుర్వమ్మ గొర్రెలు చింతగట్టు చచ్చిన గొర్రెల పేరు మీద సూదులు వేయించుకున్నాయి. సూది వేసినతను ప్రతి నంబరూ శ్రద్ధగా సరిచూశాడు. ఒక బిళ్ళ ముసలి పొట్టేలుదట. దాన్ని నిండు చూలుతో ఉన్న గొర్రె మెడకు కట్టారు. అతను గొర్రెను చూశాడు, నంబరు చూశాడు, నంబరు సరిగ్గా ఉంది కాబట్టి సూది వేశాడు.

ఆమె తిరిగి వచ్చి ఊరందరికీ చెప్పింది. "పోండ్రి, ఇంక మందు ఉన్నది." కొందరు పోయారు. మేము కొందరం పోలేదు. చేతులెత్తి తీర్మానం చేసిన వాళ్ళం కాబట్టి, చచ్చిన గొర్రెల పేరుతో మందు వేయించడం సంఘానికి అవమానమని బీరన్న అన్నాడు. నాకు కూడా అట్లాగే తోచింది.

వాన పడింది. గడ్డి మొలిచింది. బీరన్న మంద గుట్ట కింద పడింది, లేవలేదు. నాది ఒక తల్లి గొర్రె పోయింది. పిల్ల మిగిలింది. గుర్వమ్మ గొర్రెలు అదే గడ్డి మేసి అదే వాగు దగ్గర నీళ్ళు తాగి ఇంటికి వచ్చాయి.

బీరన్న చనిపోయిన గొర్రెలను రాయించడానికి ఆఫీసుకు వచ్చాడు. పరమేష్ సానుభూతితో కుర్చీ వేశాడు.

"ఏమని ఎక్కించాలె మామా? మన ఊర్ల గొర్లే లెవ్వు గద. లేనియి ఎట్ల సస్తయి?"

బీరన్న వేళ్ళ మీద లెక్క వేసి చూశాడు. తప్పు పట్టడానికి అందులో ఏమీ లేదు. లేచి వెళ్ళిపోయాడు.

ఆ కాలంలోనే పై ఆఫీసు ఊరూరా గొర్రెల చావులను లెక్క తీసింది. చింతగట్టు ఇంకా పాత సిస్టంలోనే ఉంది కాబట్టి దాన్ని పక్కన పెట్టగా, మిగతా ఊళ్ళన్నింటిలో ఎంతో కొంత నష్టం కనబడింది. ఒక్క పిట్టలగుట్టలో మాత్రం చిటుక రోగంతో చనిపోయిన గొర్రె ఒక్కటి కూడా లేదు. పిట్టలగుట్టను 'రోగరహిత ఆదర్శ గ్రామం'గా ఎంపిక చేశారు. పెద్దసారు స్వయంగా వచ్చి సన్మానం చేస్తారని కబురు అందింది.

ఊరు కడిగారు. తోరణాలు కట్టారు. అప్పుడు ఒక చిక్కు వచ్చింది. గొర్రెలు లేని ఊళ్ళో ఎక్కడ చూసినా గొర్రెలే ఉన్నాయి. సారు చూస్తే బాగుండదు. సభ జరిగే దినం మందలన్నింటినీ చింతగట్టు హద్దులోకి తోలాలని ఎల్లస్వామి ఆదేశించాడు. పెంటికలు ఊడ్చారు. ఒక్క గొర్రెపిల్లను మాత్రం తోలలేకపోయారు. అది నా పిల్ల. గుర్వమ్మ మందలో ఒక గొర్రె ఆ వారమే ఈని పిల్లను పోగొట్టుకుంది. గుర్వమ్మ ఆ తోలు తీసి నా పిల్లకు కప్పింది. తల్లి ఇంకా వాసన చూస్తూనే ఉంది, నాకలేదు. ఈ సమయంలో ఎండలో నడిపిస్తే తల్లీ పిల్లా విడిపోతాయని గుర్వమ్మ వాటిని ఆఫీసు వెనుక గదిలో కట్టేసింది.

సారు వచ్చారు. కారు దిగి చుట్టూ చూసి, "ఎంత శుభ్రంగా ఉంది!" అన్నారు. కార్యాలయం ముందర షామియానా కింద సభ జరిగింది. సారు ప్రసంగం నాకు గుర్తున్నంత వరకు ఇది:

"పిట్టలగుట్ట సాధించిన ఈ విజయం రాష్ట్రానికే ఆదర్శం. కొత్త సాంకేతికతను ఈ గ్రామం కేవలం స్వీకరించలేదు, జీర్ణించుకున్నది. ఒక్క గొర్రె కూడా చనిపోని గ్రామం ఎలా సాధ్యం అని నన్ను అందరూ అడుగుతున్నారు. పోయి చూడండి అని చెబుతాను!"

ఉత్తమ పెంపకందారుగా ఒక మహిళను సన్మానించాలని పైనుంచి సూచన ఉంది. గుర్వమ్మను వేదిక మీదికి పిలిచారు. ఎల్లస్వామి చెవిలో, "జర నోరు అదుపుల వెట్టుకో వదినా. ఏమన్న బయటవడ్డదంటే వచ్చే ఏడు చింతగట్టు మందు గూడ బంద్ అయితది" అన్నాడు. అది నిజం. గుర్వమ్మ తల ఊపింది. సారు శాలువా కప్పారు.

"అమ్మా, మీ గొర్రెలు ఎందుకు చనిపోలేదో రెండు మాటలు చెప్పండి" అన్నారు.

గుర్వమ్మ మైకు దగ్గరికి వచ్చింది.

"సచ్చినయన్ని బతికినట్టే ఉన్నయి సారూ. బతికినయి లెవ్వు."

ఎల్లస్వామి కళ్ళు మూసుకున్నాడు. సారు "ఎంత లోతైన మాట!" అని చప్పట్లు కొట్టారు. పక్కనున్నవాళ్ళు రాసుకున్నారు.

సరిగ్గా అప్పుడు వెనుక గదిలోంచి గొర్రెపిల్ల అరిచింది.

చప్పట్లు ఆగిపోయాయి. మళ్ళీ అరిచింది. సారు తల తిప్పారు. "ఆ శబ్దం ఏమిటి?"

గుర్వమ్మ శాలువా కొసను గట్టిగా పట్టుకుంది. ఊరంతా పరమేష్ వైపు చూసింది. ఇన్నేళ్ళ అనుభవం వృథా పోలేదు. పరమేష్ చేతులు కట్టుకుని ముందుకు వచ్చాడు.

"కంప్యూటర్ల ఆట సార్. గొర్ల ఆట. పాతది, కొత్త సిస్టం మీద నడిపిస్తున్నం."

"ఓహో!" అన్నారు సారు. "శబ్దం ఎంత సహజంగా ఉంది! పాత ఆటలు కొత్త సిస్టం మీద నడవవని మా ఆఫీసులో బాధపడుతున్నారే. మీరు ఎట్లా సాధించారు?"

"తోలు కప్పినం సార్" అన్నాడు పరమేష్.

సారుకు అర్థం కాలేదు. అర్థమైనట్టు తల ఊపారు. లోపలికి వచ్చి తోడేలు ఆట కాసేపు ఆడారు. గొర్రెలన్నింటినీ తోడేలు తినేసింది. "మళ్ళీ మొదటి నుంచి వస్తాయి సార్, ఏం ఫికర్ లేదు" అని పరమేష్ చెప్పాడు. సారు సంతోషంగా వెళ్ళిపోయారు. ఆ ఆటను తమ ఆఫీసుకు కూడా పంపించమని చెప్పి వెళ్ళారు.

కారు దుమ్ము అణగకముందే గుర్వమ్మ వెనుక గదిలోకి పోయింది. నేనూ పోయాను. తల్లి గొర్రె పిల్ల వీపును నాకుతున్నది. తోలు పక్కకు జారి ఉంది. తోలును కాదు, తోలు కింది పిల్లను నాకుతున్నది.

"అయిపాయె అన్నా" అన్నది గుర్వమ్మ నాతో. తాడు విప్పి తోలు తీసేసింది. పిల్ల వణుకుతుంటే మీద ఉన్న శాలువా తీసి కప్పింది. తల్లి శాలువాను వాసన చూసి, మూతితో పక్కకు నెట్టేసి, పిల్లను పాలకు రానిచ్చింది.

గొర్రె కాబట్టి ఇన్ని రోజులకైనా తెలుసుకుంది. మిగతావాళ్ళ సంగతి ఎప్పటిలాగే సాగుతున్నది. పిట్టలగుట్టలో ఇప్పటికీ గొర్రెలు లేవు. ఏటా వానలకు ముందు అవి చింతగట్టుకు పోయి, చచ్చినవాటి బిళ్ళలు మెడకు కట్టుకుని, సూదులు వేయించుకుని, లేని ఊరికి తిరిగి వస్తాయి. ఆ గుంపులో ఇప్పుడు బీరన్న మళ్ళీ కొన్నవి ఉన్నాయి, నావి కూడా ఉన్నాయి. చింతగట్టుకు మంజూరైన కొత్త కంప్యూటర్ కొత్తకోట దాకా వచ్చిందని మొన్న ఎవరో అన్నారు. గుర్వమ్మ ఆ రోజు అన్నం తినలేదు.

సన్మాన సభ ఫోటో ఆఫీసు గోడకు ఉంది. గుర్వమ్మ తప్ప అందరం చప్పట్లు కొడుతున్నాము. వెనుక వరుసలో, షామియానా గుంజ పక్కన నిలబడి నవ్వుతున్నవాళ్ళు ఎవరా అని చాలా రోజులు చూశాను. ఈ మధ్యనే పోల్చుకున్నాను. ఈ కథ చదువుతున్న మీరే. కప్పుకున్నది ఎవరి తోలో గాని, మీకు చక్కగా కుదిరింది.